నదీ సంరక్షణ కోసం తయారైన క్రాఫ్ట్ బీరును రుచి చూడడం ఎలా?

ఒక నది పేరు పెట్టుకొని, అమ్మకాలలో కొంత భాగాన్ని ఆ నది బాగు కోసం ఇస్తామని చెప్పే బీరును రుచి చూడడానికి నలుగురు కూర్చుంటే, దాదాపు ప్రతిసారీ ఒకే తంతు జరుగుతుంది. ముందు సీసా చేతులు మారుతుంది. లేబుల్ మీది నది బొమ్మను అందరూ చూస్తారు, వెనుక రాసిన నాలుగు వాక్యాలను ఒకరు పైకి చదువుతారు, ఆ తరువాత గ్లాసులు ఎత్తుతారు. మొదటి గుక్క గొంతు దిగకముందే ఎవరో ఒకరు "ఏటి నీటి తేటదనం తెలుస్తోంది" అంటారు, తక్కినవారు తల ఊపుతారు. ఇక అక్కడితో రుచి చూడడం అయిపోయినట్టే. అప్పటి నుంచి ఎవరి నాలుక చెప్పేదీ ఎవరూ వినరు. కళ్ళు చదివినదాన్ని నోరు అప్పజెబుతుంది.

బీరులో నూటికి తొంభై పాళ్ళకు పైగా నీరే ఉంటుంది కాబట్టి, నది కోసం చేసిన బీరులో నీటిని గుర్తించాలనుకోవడం తప్పేమీ కాదు. ఆ కోరిక నాకూ ఉంది. అయితే దానికి ఒక క్రమం ఉంది: ముందు బీరు, ఆ తరువాత నీరు, అన్నిటికంటే చివర లేబుల్. ఈ క్రమాన్ని తలకిందులు చేసినవారు ఎంత ఖరీదైన గ్లాసు పట్టుకున్నా ప్రయోజనం ఉండదు. చట్టం అనుమతించే వయసు వచ్చినవారికే ఈ వ్యాసమని, రుచి చూసిన తరువాత వాహనం నడపరాదని వేరుగా చెప్పనవసరం లేదనుకుంటాను.

కావలసినవి

పొట్ట వెడల్పుగా, మూతి కొంచెం లోపలికి వంగినట్టుగా ఉండే కాడ గ్లాసు ఒకటి, మనిషికి రెండు గ్లాసుల మామూలు నీరు, ఒక కాగితం, ఒక పెన్సిలు ఉంటే చాలు. ఈ ఆకారపు గ్లాసును ట్యులిప్ గ్లాసు అంటారు. వేరే ఆకారాలు పనికిరావు. పెన్సిలు బదులు ఫోను వాడరాదు, ఎందుకంటే ఫోను చేతిలోకి వచ్చిన మరుక్షణం ఆ బీరు గురించి ఇతరులు ఏమి రాశారో వెతకాలని వేలు ఉవ్విళ్ళూరుతుంది. ఒక పూటలో రెండు రకాలకు మించి రుచి చూడకూడదు. మూడవదాని నుంచి రాసేవన్నీ కల్పనలే.

గ్లాసులో సబ్బు, నూనె జాడలు ఉండకూడదు. ఖాళీ గ్లాసును చన్నీటితో తడిపి ఎత్తి చూస్తే నీరు గోడల మీద ఒకే పొరగా జారాలి. చుక్కలు చుక్కలుగా విడిపోతే జిడ్డు ఉన్నట్టు. బీరు పోశాక గాలి బుడగలు గోడలకు అంటుకొని నిలిచినా అదే అర్థం. కడిగిన గ్లాసును గుడ్డతో తుడవకుండా బోర్లించి ఆరనివ్వండి. ఫ్రీజరులో పెట్టి మంచు పట్టించిన గ్లాసు వాడేవారితో నాకు మాటలు లేవు.

లేబుల్‌ను దాచడం, బీరును సిద్ధం చేయడం

సీసా ఇంటికి రాగానే ఒక మందపాటి కాగితం చుట్టి, నిలువుగా ఫ్రిజ్‌లో పెట్టండి. తయారైన తేదీని మాత్రం వేరే ఎవరిచేతనైనా చదివించి, మూడు నెలలు దాటిందో లేదో తెలుసుకోండి. బీరుకు చేదును, సువాసనను ఇచ్చే హాప్ పూల పరిమళం ప్రధానంగా ఉండే బీర్లు ఆ గడువు దాటాక క్రమంగా వెలవెలబోతాయి. సీసా కంటే డబ్బా మేలని నేను ఎప్పుడూ చెబుతాను. హాప్ పూల నుంచి వచ్చే చేదు పదార్థాలు వెలుతురు తగిలినప్పుడు విరిగి, పరమ దుర్వాసన గల ఒక గంధక సమ్మేళనంగా మారతాయి. గోధుమరంగు సీసా దీనిని చాలావరకు అడ్డుకుంటుంది, ఆకుపచ్చది అంతగా అడ్డుకోదు, రంగులేని సీసా అసలు అడ్డుకోదు. ఎండలోనైతే ఈ మార్పుకు నిమిషాలు చాలు. డబ్బాలోకి వెలుతురు చొరబడే దారే లేదు.

ఫ్రిజ్‌లో ఉష్ణోగ్రత సుమారు 4 డిగ్రీలు ఉంటుంది. అంత చల్లని బీరులో వాసనలు పైకి లేవవు, నాలుక మొద్దుబారుతుంది. తేలికపాటి లాగర్ రకం అయితే 5 నుంచి 7 డిగ్రీలు, హాప్ సువాసన గల పేల్ ఏల్ రకం అయితే 8 నుంచి 10, నల్లని స్టౌట్ అయితే 10 నుంచి 13 డిగ్రీల దాకా రానివ్వాలి. థర్మామీటరు లేకపోతే పేల్ ఏల్‌ను ఫ్రిజ్ నుంచి తీసి పావుగంట ఆగండి.

పోయడం, చూడడం

గ్లాసును 45 డిగ్రీల వరకు వంచి, పోయదలచినదానిలో సగాన్ని గోడ మీదుగా పోసి, తక్కినదాన్ని గ్లాసు నిటారుగా పట్టుకొని మధ్యలోకి పోయండి. రెండు వేళ్ళ మందాన నురగ రావాలి. నురగ లేకుండా పోయడం నేర్పు అనుకునేవారు ఉన్నారు. నిజానికి అది సువాసనను సీసాలోనే వదిలేయడం. మొత్తం 100 మిల్లీలీటర్లు మించకుండా పోస్తే గ్లాసు పైభాగంలో వాసన నిలవడానికి చోటు మిగులుతుంది.

తెల్ల కాగితం ముందు పట్టి రంగు, తేట, నురగ ఎంతసేపు నిలిచింది అనే మూడు సంగతులు రాసి ముందుకు వెళ్ళండి. చూపుకు అంతకంటే సమయం ఇవ్వకూడదు. పోటీలలో విస్తృతంగా వాడే బీర్ జడ్జ్ సర్టిఫికేషన్ ప్రోగ్రామ్ మార్కుల పత్రంలో కూడా మొత్తం 50 మార్కులలో చూపుకు 3 మాత్రమే ఉంటాయి; వాసనకు 12, రుచికి 20, నోటికి తగిలే తీరుకు 5, మొత్తం మీది అభిప్రాయానికి 10. ఆ పత్రం మీద నాకు గౌరవం ఉంది, కానీ ఇటువంటి బీరుకు అది చాలదు. అందులో నీటికంటూ ఒక గడి లేదు. పైగా మార్కులు వేయడం మొదలుపెట్టిన మనిషి వెంటనే కూడికల్లో పడతాడు. 36 వేయాలా 38 వేయాలా అనే తర్జనభర్జనలో గ్లాసులోని బీరు గది వేడికి వస్తుంది. అయిదు నక్షత్రాల్లో మూడున్నర ఇచ్చి చేతులు దులుపుకొనే పద్ధతి గురించి మాట్లాడడం కూడా దండగ. ఏమి తెలిసిందో పూర్తి వాక్యంలో రాయండి. వాక్యం రాయలేకపోయారంటే ఇంకా తెలియలేదన్నమాట.

వాసన

గ్లాసును నెమ్మదిగా తిప్పి, అరచేతితో మూతి కప్పి, చేయి తీయగానే రెండు మూడు పొట్టి శ్వాసలతో వాసన చూడండి. దీర్ఘంగా పీల్చకండి, ముక్కు ఒకే వాసనకు త్వరగా అలవాటుపడి దానిని పట్టించుకోవడం మానేస్తుంది. అలా జరిగితే మీ చొక్కా చేతిని ఒకసారి వాసన చూసుకొని మళ్ళీ గ్లాసు దగ్గరకు రండి. కాఫీ గింజలు వాసన చూడడం లాంటి ఆర్భాటాలు అవసరం లేదు.

ఇక్కడ నీటికి సంబంధించిన రెండు వాసనలను మాత్రం ప్రత్యేకంగా వెతకాలి. మొదటిది తొలకరి చినుకులకు నేల నుంచి లేచే మట్టి వాసన. దానికి కారణమైన జియోస్మిన్ అనే పదార్థాన్ని నేలలోని సూక్ష్మజీవులతోపాటు, నదులలో, చెరువులలో నాచులా పెరిగే కొన్ని నీలి-ఆకుపచ్చ బ్యాక్టీరియాలు కూడా తయారుచేస్తాయి. లీటరు నీటిలో కొన్ని నానోగ్రాములు ఉన్నా మనిషి ముక్కు పసిగడుతుంది. బీట్‌రూట్‌కు ఆ మట్టితనం దీనివల్లనే వస్తుంది. తొలకరిలో హాయిగొలిపే ఈ వాసన బీరులో తగిలితే అది లోపమే; నీటిని బొగ్గు వడపోతతో సరిగా శుద్ధి చేయలేదనో, తడిసి బూజుపట్టిన ధాన్యం వాడారనో అనుమానించాలి. దానిని "నది పరిమళం" అని మెచ్చుకున్నవారిని చూశాను.

రెండవది ఆసుపత్రి వాసన, అంటే గాయాలకు రాసే మందు వాసన. నీటిని శుద్ధి చేయడానికి కలిపిన క్లోరిన్‌ను, క్లోరమిన్‌ను ముందుగా తొలగించకపోతే అది మాల్ట్‌లోనూ (మొలకెత్తించి ఆరబెట్టిన ధాన్యం), పులియబెట్టే ఈస్ట్‌లోనూ ఉండే ఫినాల్ పదార్థాలతో కలిసి ఈ వాసన పుట్టిస్తుంది. ఇది అతి కొద్ది పరిమాణంలోనే బయటపడుతుంది. గోధుమ బీర్లలో సహజంగా వచ్చే లవంగం వాసనతో దీనిని కలపరాదు. లవంగంలో వెచ్చదనం ఉంటుంది, ఇందులో ప్లాస్టిక్ తనం ఉంటుంది. వెన్న, ఉడికించిన మొక్కజొన్న, పచ్చి ఆపిల్, తడిసిన అట్టపెట్టె వంటి తక్కిన లోపాలకు కారణం నీరు కాదు. వాటిని రాసుకోండి, నది మీద వేయకండి.

చిక్కు అంతా ఇక్కడే: నీటిని గుర్తించడం

ఇంతవరకు చెప్పినది జాగ్రత్తగా ఉండే ఎవరికైనా వస్తుంది. గుక్కలో నీటిని గుర్తించడం మాత్రం అలా రాదు, ఎందుకంటే బీరులో నీరు తనకంటూ ఒక రుచిగా కనిపించదు. చేదు ఎంత పదునుగా ఉంది, తీపి ఎంత గుండ్రంగా ఉంది, చివరకు నోరు ఎలా మిగిలింది అనే వాటి వెనుక నుంచి అది పనిచేస్తుంది. అందువల్ల వెతకవలసింది నీటి రుచిని కాదు, తక్కిన రుచుల మీద నీరు చేసిన పనిని.

ముందుగా ఆ పని ఏమిటో తెలియాలి. నీటిలో కరిగిన లవణాలలో బీరు రుచిని ఎక్కువగా మార్చేవి మూడు. సల్ఫేటు ఎక్కువైతే హాప్ చేదు స్పష్టంగా నిలబడి, ముగింపు పొడిగా ఉంటుంది. క్లోరైడు ఎక్కువైతే మాల్ట్ నిండుగా, మెత్తగా తగులుతుంది. బైకార్బొనేటు ఎక్కువైతే ధాన్యం నానే దశలో ఆమ్లత తగ్గుతుంది. ఆ దశలో పీహెచ్ (ఆమ్లత తగ్గేకొద్దీ పెరిగే కొలత) 5.2 నుంచి 5.6 మధ్య ఉండడం మంచిది, అంతకంటే పెరిగితే పొట్టు నుంచి వగరు పదార్థాలు దిగి, లేతరంగు బీరు మోటుగా తయారవుతుంది. ముదురుగా వేయించిన మాల్ట్‌కు సహజంగా ఆమ్లత ఉంటుంది కాబట్టి నల్లని బీరు అటువంటి నీటిని తట్టుకుంటుంది. అటువంటి నీరున్న ఐర్లండులోని డబ్లిన్‌లో స్టౌట్ కుదరడానికి, లవణాలు చాలా తక్కువగా ఉన్న చెక్ దేశపు ప్లజెన్ ఊరి నీటితో 1842లో యోసెఫ్ గ్రోల్ అనే బీరు తయారీదారు బంగారురంగు లాగర్‌ను సాధించడానికి ఈ తేడాయే తోడ్పడింది.

ఈ వివరాలు చదవగానే చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. లేబుల్ మీద ఏ నది ఉందో ఆ నది లవణాలను తలచుకొని, అవే గ్లాసులో ఉన్నాయని నమ్మేస్తారు. ఇంగ్లండులోని బర్టన్ అపాన్ ట్రెంట్ ఊరి పేరులోనే ట్రెంట్ నది ఉంది. లోకమంతా దాని బీరు గురించి మాట్లాడుకున్నది. కానీ అక్కడి బీరు తయారీదారులు వాడినది నది నీరు కాదు, సల్ఫేటు గల జిప్సం ఖనిజపు పొరల గుండా ఊరిన బావి నీరు. లీటరుకు వందల మిల్లీగ్రాముల సల్ఫేటు ఉన్న ఆ బావులే దాని పదునైన చేదుకు మూలం. తరువాత ఇతర చోట్లవారు తమ నీటికి జిప్సం కలిపి అదే గుణం తెచ్చుకున్నారు, ఆ పనికి బర్టనైజేషన్ అనే పేరు కూడా స్థిరపడింది. బీరు తయారుచేసే ఇప్పటి బ్రూవరీలలో చాలావరకు నీటిని వడపోసి, కొన్ని చోట్ల రివర్స్ ఆస్మోసిస్‌తో లవణాలన్నీ తీసేసి, తమకు కావలసిన పాళ్ళలో తిరిగి కలుపుతారు. కాబట్టి మీరు గుర్తించేది నదిని కాదు, బీరు చేసినవారు నీటి విషయంలో తీసుకున్న నిర్ణయాన్ని.

ఈ సంగతి నాకు తలవంపుతోనే తెలిసింది. ఒకసారి ఒక నది కోసం చేసిన పేల్ ఏల్‌ను తాగి, కాగితం మీద "గులకరాళ్ళ మీదుగా పారిన నీటి చల్లని ఖనిజపు రుచి" అని రాసుకొని, ఆ వాక్యాన్ని దానిని తయారుచేసిన మనిషికి గర్వంగా చదివి వినిపించాను. ఆయన మర్యాదగా విని, ఆ నీటిలోని లవణాలన్నింటినీ ముందే తీసేసి, సంచిలో కొన్న జిప్సం కలిపామని చెప్పాడు. ఆ కాగితం ఇంకా నా దగ్గర ఉంది.

కాబట్టి నది బీరును తెరవడానికి ముందు ఒక పూట నాలుకకు సాధన చేయించండి. ఆహారానికి వాడదగినవని రాసి ఉన్న జిప్సం, కాల్షియం క్లోరైడు మాత్రమే తీసుకోండి. గోడలకు, తోటలకు అమ్మేవి వాడరాదు. శుద్ధమైన లీటరు నీటిలో 2 గ్రాముల జిప్సం వేసి, ఓపికగా కలుపుతూ పూర్తిగా కరిగించండి. అది నీటిలో కరిగే హద్దుకు దాదాపు దగ్గరే కాబట్టి చాలాసేపు పడుతుంది. అడుగున తెల్లగా మిగిలి ఉండగానే వాడితే లెక్క తప్పుతుంది. మరొక లీటరులో 2 గ్రాముల కాల్షియం క్లోరైడు కరిగించండి. చేదు, సువాసన రెండూ తక్కువగా ఉన్న లేత లాగర్‌ను మూడు గ్లాసుల్లో 100 మిల్లీలీటర్ల చొప్పున పోసి, మొదటిదానిలో 10 మిల్లీలీటర్ల జిప్సం నీరు, రెండవదానిలో 10 మిల్లీలీటర్ల క్లోరైడు నీరు, మూడవదానిలో అంతే పరిమాణంలో శుద్ధమైన నీరు కలపండి. దీనివల్ల మొదటి గ్లాసులో లీటరుకు సుమారు 100 మిల్లీగ్రాముల సల్ఫేటు, రెండవదానిలో సుమారు 90 మిల్లీగ్రాముల క్లోరైడు అదనంగా చేరతాయి. మూడవదానిలో నీరెందుకు అని దానిని మానేసేవారు ఉంటారు. మొదటి రెండు గ్లాసుల్లో బీరు పలచబడింది కదా. మూడవది కూడా అంతే పలచబడకపోతే, మీరు కనిపెట్టింది లవణమో పలచదనమో ఎప్పటికీ తేలదు. గ్లాసుల అడుగున గుర్తులు పెట్టి, వరుస మార్చి, ఏది ఏదో చూడకుండా చెప్పడానికి ప్రయత్నించండి. మూడుసార్లలో రెండుసార్లయినా సరిగా చెప్పేదాకా అసలు సీసా జోలికి వెళ్ళకండి. పలచబడిన లాగర్‌తో వరుసగా సాధన చేయడం విసుగే, కానీ దీనికి అడ్డదారి నాకు దొరకలేదు.

అసలు బీరు దగ్గర మూడు గుక్కలు తీసుకోవాలి. మొదటిది లెక్కలోకి రాదు. అది నోటిని సిద్ధం చేయడానికి. దాని గురించి ఏమీ రాయకండి, ఎవరితోనూ ఏమీ అనకండి. రెండవ గుక్కకు ముందు గ్లాసును కొంచెంసేపు తిప్పి గ్యాసు కొంత పోనివ్వండి. బీరులోని కార్బన్ డయాక్సైడు నాలుకను గిల్లుతుంది, ఆ గిల్లుడును చేదు పదునుగా, సల్ఫేటుగా పొరబడడం అతి తేలిక. గుక్కను నాలుక అంతటా ఒకసారి తిప్పి మింగి, పెదవులు మూసి, ముక్కు ద్వారా నెమ్మదిగా గాలి వదలండి. రుచి అని మనం అనుకునేదానిలో పెద్ద భాగం గొంతు వెనుక నుంచి ముక్కులోకి చేరే వాసనే. వైన్ రుచి చూసేవారిలా ఉమ్మేస్తే ఇక్కడ సగం పోతుంది. పావుగ్లాసు బీరు మింగడానికి భయపడేవారు ఈ పనికి కూర్చోకపోవడమే మంచిది. చేదు నాలుక వెనుకభాగానికే తెలుస్తుందని చెప్పి గుక్కను అక్కడికి తోసే పద్ధతిని మాత్రం నమ్మకండి. 1901లో డేవిడ్ హేనిగ్ ప్రచురించిన ఫలితాలను తరువాతివారు తప్పుగా అర్థం చేసుకోవడం వల్ల నాలుకను రుచుల వారీగా గదులుగా విడదీసే పటం వాడుకలోకి వచ్చింది. నిజానికి అన్ని రుచులూ నాలుక మీద అన్ని చోట్లా తెలుస్తాయి.

మింగాక పది లెక్కపెట్టండి, ఆపైన ముప్పై దాకా ఆగండి. అందరూ తప్పేది ఈ ముప్పై లెక్కలోనే. బీరు నోటిలో ఉన్నప్పుడు మాల్ట్, హాప్, గ్యాసు, చల్లదనం అన్నీ ఒకేసారి మాట్లాడతాయి; నీరు చేసిన పని బీరు వెళ్ళిపోయాక మిగిలే నోటిలో తెలుస్తుంది. మూడు రకాల అనుభవాలను వేరుచేయాలి. నాలుకను అంగిలికి రాస్తే గరుకుగా, పచ్చి అరటికాయ కొరికినట్టు పట్టుకుంటే అది వగరు. పొట్టు నుంచి దిగిన పదార్థాలది, బహుశా బైకార్బొనేటు ఎక్కువైన నీటి దోషం. గరుకుదనం లేకుండా చేదు మాత్రమే ముప్పై దాటినా వెంటాడుతుంటే అది ఎక్కువగా హాప్ మోతాదు సంగతి. చేదు ముందు స్పష్టంగా కనిపించి, తరువాత నోరు తుడిచినట్టు పొడిగా మారి, నాలుక నున్నగానే జారుతుంటే అది సల్ఫేటు. వీటిలో ఏదీ కాకుండా తీపి చాలాసేపు మెత్తగా నిలిచి, చేదు దానిలో కలిసిపోతే క్లోరైడు వైపు మొగ్గు ఉన్నట్టు. కాని పులియకుండా మిగిలిన చక్కెర కూడా ఇదే భ్రమ కలిగిస్తుంది కాబట్టి పెదవులు తడుముకొని చూడండి, జిగట ఉంటే అది చక్కెరే.

మూడవ గుక్క పావుగంట తరువాత తీసుకోవాలి. మధ్యలో నీరు తాగండి, మరేమీ తినకండి. బీరు రెండు మూడు డిగ్రీలు వేడెక్కేసరికి చల్లదనం కప్పిపుచ్చినవి బయటికి వస్తాయి. రెండవ గుక్కకు రాసినది మూడవదానిలో నిలవకపోతే కొట్టివేయండి. నా కాగితాల మీద దాదాపు సగం వాక్యాలు ఇలా కొట్టివేసినవే. ఎంత వెతికినా నీటి గురించి ఏమీ తేలకపోతే "నీరు అడ్డురాలేదు" అని రాయండి. లేతరంగు లాగర్‌కు ఇది గొప్ప కితాబు, కొరత కానే కాదు.

ఇప్పుడు లేబుల్

కాగితం మడిచి పక్కన పెట్టాక సీసా మీది చుట్టు విప్పండి. ఇక చదవవలసింది బీరును కాదు, మాటను.

డబ్బు గురించిన వాక్యాన్ని ముందు చూడండి. సీసాకు ఇంత చొప్పున అని అంకె ఇస్తే మీరు కొన్న ప్రతి సీసాకూ అంత వెళుతుంది. "లాభాలలో ఒక శాతం" అంటే లాభం లేని సంవత్సరం నదికి సున్నా. "కొంత భాగం" అంటే దానికి అర్థమే లేదు. డబ్బు ఎవరికి చేరుతుందో పేరు ఉందా, ఏ పనికో, నదిలో ఏ భాగానికో చెప్పారా, ఎప్పటివరకు ఇస్తారో ఉందా అన్నవి కూడా అక్కడే తెలుస్తాయి. లేబుల్ చిన్నది, అన్నీ పట్టవు అనే సమాధానాన్ని నేను ఒప్పుకోను. నది బొమ్మకు చోటు దొరికింది కదా.

ఆ తరువాత బ్రూవరీ తన నీటి గురించి ఏమి చెబుతోందో వెతకండి. ఒక లీటరు బీరు తయారీకి బ్రూవరీలో మామూలుగా 3 నుంచి 7 లీటర్ల నీరు ఖర్చవుతుంది, చిన్నవాటిలో ఇంకా ఎక్కువ. సీసాలోకి చేరేది పోగా మిగిలినదానిలో చాలా భాగం కడగడానికి, చల్లబరచడానికి పోతుంది. చక్కెరలు, ఈస్ట్ కలిసిన ఆ వాడిన నీరు ఇళ్ళ మురుగు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ సేంద్రియ పదార్థంతో ఉంటుంది. శుద్ధి చేయకుండా వదిలితే దానిని తినే సూక్ష్మజీవులు నదిలోని ప్రాణవాయువును హరించి చేపల ఊపిరి తీస్తాయి. ఈ అంకెలను బయటపెట్టే బ్రూవరీ చెప్పే తక్కిన మాటలను కూడా నేను నమ్ముతాను.

నదితో బీరుకు నిజమైన సంబంధం ఎలా ఉంటుందో చూడాలంటే అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో వర్డే నది ఉంది. అక్కడ నది సన్నబడే వేసవి నెలల్లో అల్ఫాల్ఫా గడ్డికి, మొక్కజొన్నకు నీరు మళ్ళించేవారు. ద నేచర్ కన్సర్వెన్సీ సంస్థ కొందరు రైతులను బార్లీ వైపు తిప్పింది. బార్లీకి నీరు ముఖ్యంగా చలికాలంలో, వసంతంలో కావాలి, నడి వేసవికి ముందే కోత అయిపోతుంది. ఆ బార్లీని మాల్ట్‌గా మార్చడానికి అక్కడి క్యాంప్ వర్డే ఊరిలో సినాగ్వా మాల్ట్ అనే సంస్థ వెలిసింది. ఆ మాల్ట్‌తో చేసిన బీరు అమ్ముడుపోయినంత మేర వేసవి నీరు నదిలోనే మిగిలింది. అక్కడ విరాళం మీద ఆధారపడవలసిన పని లేకపోయింది. అదే దేశంలోని క్లీవ్‌లాండ్ నగరంలో దారి వేరు. 1969 జూన్ 22న కయహోగా నది మీద తేలుతున్న చమురు, చెత్త అంటుకున్నాయి. అంతకు ముందు కూడా ఆ నది అనేకసార్లు తగలబడింది. 1988లో మొదలైన అక్కడి గ్రేట్ లేక్స్ బ్రూయింగ్ కంపెనీ ఆ మంటల గుర్తుగా తన పేల్ ఏల్‌కు బర్నింగ్ రివర్ అని పేరు పెట్టింది. ఒకటి నదిలో నీటిని నిలిపింది, మరొకటి నదికి జరిగినదాన్ని మరవనివ్వదు. మీ సీసా ఈ రెండింటిలో ఏ పని చేస్తోందో, లేక ఏదీ చేయడం లేదో ఒక వాక్యంలో రాయండి.

ఈ వాక్యాన్ని వేరే కాగితం మీద రాయాలి, రుచి రాసిన కాగితం మీద కాదు. నది కథ బాగుందని తిరిగి వెళ్ళి "మోటు వగరు" అన్నదాన్ని "గ్రామీణమైన సొగసు"గా దిద్దాలనిపిస్తుంది. పెన్సిలు పక్కన పెట్టేయండి. బీరు బాగుండి మాట డొల్లగా ఉంటే బీరును బీరుగా కొనుక్కోండి. మాట గట్టిగా ఉండి బీరు బాగుండకపోతే ఆ డబ్బును నేరుగా ఆ సంస్థకే పంపండి. రెండూ బాగుంటే ఇంకొక సీసా తెచ్చి, కాగితం చుట్టి, నిలువుగా ఫ్రిజ్‌లో పెట్టండి.